తిన్నాక మిగిలిన ఆకులు గీశాను. ఎంగిలి బొమ్మ అంటున్నారు. మార్చాలా?

నాలుగోలైను (గుంటూరు):

నమస్కారం. నేను బ్రాడీపేటలో ఇంట్లోనే పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతాను, సాయంత్రం బ్యాచ్. మిగతా టైములో నా బొమ్మలు నేను వేసుకుంటాను. అడగాల్సింది అడిగే ముందు సంగతి చెప్పాలి. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

మా మరిదివాళ్ళు గోరంట్లలో ఫ్లాట్ కొనుక్కుని గృహప్రవేశం చేశారు. భోజనాలు సెల్లార్‌లో. కార్లన్నీ బయట పెట్టించి, స్తంభాల మధ్య టేబుళ్ళు వేసి, వాటి మీద తెల్ల పేపర్ రోల్ పరిచారు. బఫే వద్దని మా అత్తగారు పట్టుబట్టారు కాబట్టి బంతి భోజనాలే, అరిటాకుల్లోనే. నాది రెండో బంతి. మొదటి బంతి లేచి అందరూ కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఆకులెత్తే కుర్రాళ్ళు ఇంకా రాలేదు. ఆ కాసేపట్లో కుర్చీ ఎక్కి ఫోన్‌తో ఒక వరస మొత్తం ఫొటోలు తీసేశాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు, అది అలవాటే.

ఎందుకు తీశానంటే, ఆ ఆకులు చూస్తే ఏ ఆకు ఎవరిదో చెప్పేయొచ్చు. షుగర్ ఉన్న పెద్ద మామగారి ఆకులో పూర్ణం బూరె అలాగే ఉంది, కానీ ఒక పక్క వేలితో నొక్కిన గుంట ఉంది. మా ఆడపడుచు ఆకు కడిగినట్టుంది, ములక్కాడ పిప్పి మాత్రం ఒక మూల చిన్న కుప్ప. ఇంటర్ చదివే మేనల్లుడు అప్పడం, ఐస్‌క్రీమ్ తప్ప ఏదీ ముట్టలేదు. ఆ ఐస్‌క్రీమ్ కరిగి గోంగూర పచ్చడి కిందికి పారింది. ఆ రంగు కలపడానికి నేను పడ్డ పాట్లు వేరే పోస్టు రాయొచ్చు. పక్కాయన ఎవరో నాకు తెలియదు, గుత్తివంకాయ తొడిమలన్నీ ఒకే వైపు తిరిగేలా వరసగా పేర్చి పెట్టి వెళ్ళాడు. ఇంజనీరో, అకౌంటెంటో అయ్యుండాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన వియ్యపురాలు పులిహోరలో కరివేపాకు, ఎండుమిరపకాయలతో పాటు జీడిపప్పు కూడా ఏరి పక్కన పెట్టింది. జీడిపప్పు ఏరేసేవాళ్ళని నేను మొదటిసారి చూడటం.

కొంతమంది ఆకు మడిచి లేచారు. మా వైపు శుభకార్యాల్లో ఆకుని మనవైపుకి మడుస్తారు. అవతలికి మడిచేది చావు భోజనాల్లో. ఆ వరసలో ఒక ఆకు అవతలికి మడిచి ఉంది. అది ఎవరిదో నాకు తెలుసు, ఇక్కడ చెప్పను.

ఆ వరసని ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు కాన్వాస్ మీద అక్రిలిక్‌లో వేశాను. పైనుంచి చూసినట్టు, పది ఆకులు, మనుషులు లేరు. చిన్న నీళ్ళ బాటిళ్ళు, నలిపేసిన పేపర్ గ్లాసులు, ఒక స్టీలు జగ్గు ఉన్నాయి. సెల్లార్ ట్యూబ్‌లైట్ వెలుతురు కాబట్టి ప్రతి వస్తువుకీ రెండు నీడలు.

ఇప్పుడు గొడవ. మా అత్తగారు చూసి, "ఎంగిలి ఆకులు గోడకి పెడితే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా?" అన్నారు. మావారు ఏమీ అనలేదు. ఎవరైనా ఇంటికొస్తున్నారంటే మాత్రం కాన్వాస్‌ని గోడవైపు తిప్పి పెడుతున్నారు. ఈలోగా ఈ బొమ్మ ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి విజయవాడలో కొత్తగా హోటల్ పెడుతున్న ఒకాయనకి చేరింది. కొంటానన్నాడు. అయితే "అప్పుడే వడ్డించినట్టు మార్చండి మేడమ్, తినేసినట్టు వద్దు" అన్నాడు. ఆయన చెప్పిన డబ్బు నాకు చిన్నదేం కాదు.

అడిగేది ఏంటంటే, తిని వదిలేసినదాన్నే ముఖ్య వస్తువుగా పెట్టి సీరియస్‌గా పని చేసినవాళ్ళు ఉన్నారా, లేక ఇది నా ఒక్కదాని పైత్యమా? రెండోది, పైనుంచి చూసినట్టు వేస్తే ఇన్‌స్టాగ్రామ్ తిండి ఫొటోలా కనపడుతోందని నాకే ఒక అనుమానం. కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తు నుంచి వేస్తే ఆకులు సన్నటి గీతలైపోయి లోపలేముందో కనపడదు. ఏం చెయ్యను? ఇంకోటి, పచ్చడి మరకల దగ్గర నిజం గుంటూరు కారమే జిగురులో కలిపి వేద్దామా అనిపిస్తోంది. ఎవరైనా అలా చేశారా? బొమ్మ ఫొటో కింద పెట్టాను.

గాజుకూజా (విజయవాడ):

పైత్యం ఏం కాదండీ. మీకు రెండువేల ఏళ్ళ తోడుంది.

రోమ్‌లో ఒక పాత ఇంటి నేల మీద మొజాయిక్ దొరికింది, ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉంది. ఊడవని నేల అంటారు దాన్ని. చేప ముళ్ళు, పీతల కాళ్ళు, గవ్వలు, పండ్ల తొడిమలు, అక్రోటు కొరుకుతున్న ఒక ఎలుక. అన్నీ విందు తర్వాత కింద పడ్డవి, ఒక్కోదానికీ నీడతో సహా. పెర్గమోన్ అనే పాత గ్రీకు నగరంలో సోసస్ అనే ఆయన చేసిన పాత పనికి ఇది రోమన్ నకలు. మీ హోటలాయనకి ఒక మాట చెప్పండి, అది పరిచింది వాళ్ళ భోజనాల గదిలోనే.

తర్వాత డచ్చివాళ్ళు. విల్లెం క్లాస్ హేడా 1635లో వేసిన ఒక బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. సగం తొక్క తీసిన నిమ్మకాయ, పక్కకి పడిపోయిన వెండి పాత్ర, నలిగిన బల్లగుడ్డ. మనుషులు ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంటుంది. రంగులు చూడండి, దాదాపు అన్నీ బూడిద, గోధుమ, కాస్త పసుపు, అంతే. మీ బొమ్మలో పది రకాల ఆకుపచ్చలున్నాయి. నా లెక్కలో నాలుగు చాలు.

మీరు నిజంగా చూడాల్సింది డానియల్ స్పోయెరిని. రుమేనియాలో పుట్టి స్విట్జర్లాండ్‌లో పెరిగినాయన, 2024లో పోయారు. 1960 నుంచి ఆయన చేసిన పని ఏంటంటే, తిని లేచిన బల్ల మీద ఎక్కడ ఉన్నవి అక్కడే, కప్పులు, గుడ్డు పెంకులు, సిగరెట్ పీకలు, జిగురుతో అతికించి, ఆ బల్లని గోడకి నిలువుగా వేలాడదీయడం. మొదట్లో చేసినవాటిలో ఒకటి ఆయన స్నేహితురాలి టిఫిను, అది న్యూయార్క్‌లో మోమా మ్యూజియంలో ఉంది. 1968లో డ్యూసెల్‌డార్ఫ్‌లో రెస్టారెంటే పెట్టాడు. 1983లో పారిస్ దగ్గర ఒక పెద్ద విందు పెట్టి, మధ్యలోనే బల్లల్ని అలాగే గోతిలో పూడ్చిపెట్టించాడు. 2010లో ఆర్కియాలజీవాళ్ళు వచ్చి దాన్ని పద్ధతి ప్రకారం తవ్వారు.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఆయన దగ్గరే ఉంది. బల్లని గోడకెక్కిస్తే, మనం నిలబడి ఉన్నా కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ ఇబ్బందే దాని బలం. కాబట్టి పైనుంచి చూసే కోణమే ఉంచండి. ఇన్‌స్టాగ్రామ్‌లా కనపడటానికి కారణం కోణం కాదు, మీరు పది ఆకుల్నీ ఫ్రేములో సరిగ్గా ఇమిడ్చారు. రెండు చివర్లా ఆకుల్ని సగంలో కోసేయండి. బంతి అక్కడితో అయిపోలేదని తెలుస్తుంది.

మనవాళ్ళలో సుబోధ్ గుప్తా ఉన్నాడు, బీహార్‌లో ఖగౌల్‌లో పుట్టినాయన. స్టీలు గిన్నెలతో పెద్ద పుర్రె చేసింది ఆయనే. నాకు ఆ పుర్రె కంటే ఆయన పెయింటింగులు నచ్చుతాయి, తిన్నాక మిగిలిన స్టీలు కంచాలు. ఫొటోలంటే లారా లెటిన్‌స్కీవి వెతకండి, విందు అయిపోయిన బల్లలు, తెల్లటి పగటి వెలుతురు, మరకలు. ఆ మరకల్లో మీ వియ్యపురాలి జీడిపప్పు పక్కన పెట్టగలిగినంత శ్రద్ధ ఉంటుంది.

అమెరికా ఆర్టిస్టు జూడీ షికాగో 1974 నుంచి 79 దాకా కట్టిన డిన్నర్ పార్టీ తెలిసే ఉంటుంది. త్రికోణం బల్ల, 39 మంది ఆడవాళ్ళకి 39 చోట్లు, ఒక్కరూ కూర్చుని ఉండరు, కంచమే మనిషి. మీరు చేస్తున్నదీ అదే కదా, కాకపోతే మీ కంచాలు తిన్నవి.

ఎండకి మావిడికాయ (విజయవాడ):

సార్ చెప్పినవన్నీ మ్యూజియంలో బాగుంటాయి. హోటల్లో కూర్చున్నవాడికి ఆకలేస్తుంటుంది, ఎదురుగా ఎవడో నమిలేసిన ములక్కాడ పిప్పి ఆరడుగుల్లో కనపడితే బిల్లు కట్టకుండా లేచిపోతాడు. డబ్బిచ్చేవాడు అడిగింది అడిగినట్టు వేసివ్వండి మేడమ్. ఇంతకీ ఆర్టిస్టులు బొమ్మ మానేసి భోజనమే పెట్టొచ్చుగా, అందరం వస్తాం.

గాజుకూజా:

పెట్టారు! 1992లో న్యూయార్క్‌లో రిర్క్రిత్ తిరవనిజ అనే థాయ్ ఆర్టిస్టు గ్యాలరీలో స్టవ్ పెట్టి కూర, అన్నం వండి వచ్చినవాళ్ళకి ఊరికే పెట్టాడు. అదే ఎగ్జిబిషన్. గోడల మీద బొమ్మలేం లేవు.

మావిడికాయ గారి మాటలో కొంత నిజం ఉంది. హోటల్‌కి విడిగా ఇంకో బొమ్మ వేయండి. వడ్డించిన తిండి వేసినంత మాత్రాన మెనూ కార్డు కానక్కర్లేదు. అమెరికా పెయింటర్ వేన్ టీబో వేసిన కేకులు చూడండి, అంగడి అద్దాల వెనక వరసగా పెట్టినవి, రంగు కూడా కేకు మీద క్రీములాగే దట్టంగా ఉంటుంది. నీడలు మాత్రం ముదురు నీలం. మీ ట్యూబ్‌లైట్ జంట నీడలకి అది పనికొస్తుంది. మీరు నలుపు కలిపినట్టున్నారు, అందుకే తెల్ల పేపరు మురికిగా కనపడుతోంది.

వన్‌టౌన్ ఫ్రేములు:

కారం వద్దమ్మా. మా షాపుకి ఒకాయన కారం, పసుపు అతికించిన బొమ్మ ఫ్రేము కట్టించుకోడానికి తెచ్చాడు. పసుపు వెలుతురుకి ముందు పోతుంది, కారం ఎరుపు తర్వాత పోయి ఇటుకపొడిలా మిగులుతుంది. నూనె గుడ్డలోకి దిగుతుంది. పురుగు పడితే ఇక చెప్పక్కర్లేదు. క్యాడ్మియం రెడ్ ట్యూబు కొనండి, ఖరీదైనా అదే చవక.

ఇంకోటి. ఆరడుగులు అన్నారు. వెనక మధ్యలో అడ్డబద్దలు వేయించారా? లేకపోతే వానాకాలం వచ్చేసరికి పొడుగు బద్దలు లోపలికి వంగుతాయి, గుడ్డ అలలు తేలుతుంది. మూలల్లో చెక్క చీలలు కొట్టించండి, వదులైతే బిగించుకోవచ్చు. అక్రిలిక్‌కి గ్లాసు అక్కర్లేదు, వార్నిష్ చాలు. గోడవైపు తిప్పి పెట్టడం మంచిదే, దుమ్ము పడదు. మీవారికి చెప్పండి.

నాలుగోలైను:

మావారికి చదివి వినిపించాను. "చూశావా" అన్నారు, అంతే.

గాజుకూజా గారూ, ఆకుపచ్చల మాట ఒప్పుకోను. అరిటాకు ఆకుపచ్చ ఒకటి కాదు. వేడన్నం పడ్డచోట ఆకు ముదిరిపోయి నూనె రాసినట్టు అవుతుంది, ఈనె దగ్గర పసుపు, అంచున ఎండినచోట గోధుమ. పెద్ద మామగారి ఆకులో అన్నం తక్కువ పెట్టించుకున్నారు కాబట్టి వేడికి వాడిన మచ్చ చిన్నది. మేనల్లుడి ఆకులో అసలు మచ్చే లేదు. వాడు అన్నం తినలేదని ఆ పచ్చదనమే చెప్తోంది. నాలుగుకి తగ్గిస్తే ఇవన్నీ పోతాయి. చివరి ఆకులు కోసేయడం మాత్రం బాగుంది. నిన్న రాత్రి రెండు పక్కలా పేపర్ టేపు అడ్డం పెట్టి చూశాను. ఒక్కసారిగా వరస పొడుగైపోయింది. ఆ రెండు ఆకుల్లో ఒకటి అవతలికి మడిచినది, సగమే కనపడుతుంది. ఇప్పుడది మడత అని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. నాకు అలాగే కావాలి.

నీడలకి నీలం వేస్తున్నాను. కారం సంగతి మర్చిపోయాను, క్యాడ్మియం కొన్నాను.

వడ్డనబకెట్టు (గుంటూరు):

మేడమ్, నేను పదిహేనేళ్ళ వయసు నుంచి క్యాటరింగ్‌లో వడ్డనకి వెళ్ళాను, ఇప్పుడు నాకే చిన్న బ్యాచ్ ఉంది. ఆర్టు నాకు తెలియదు. బొమ్మ జూమ్ చేసి చూశాను.

ఎడమ నుంచి నాలుగో ఆకు తిరగబడి ఉంది. కొస తినేవాళ్ళ ఎడమచేతి వైపు రావాలి. మీ ఫొటోలోనే అలా ఉంటే ఆకులేసినవాడు కొత్త కుర్రాడు. మార్చకండి, అలాగే ఉంచండి. ప్రతి ఫంక్షన్‌లో ఒకడు ఉంటాడు అలాంటివాడు. తర్వాత మా మేస్త్రి చేతిలో తిట్లు తింటాడు. పెద్దాయన బూరె మీద గుంట కూడా కరెక్టే, షుగర్ ఉన్నవాళ్ళు "వద్దు బాబూ" అంటూనే వేయించుకుంటారు. మేం అడక్కుండానే వేస్తాం.

జగ్గు మీరు అందంగా పెట్టారు కానీ ఇప్పుడు బాటిళ్ళు ఇస్తున్నప్పుడు జగ్గు టేబుల్ మీద ఉండదు. ఉందంటే ఎవరో పెద్దావిడ చేతులు కడుక్కోడానికి లేవలేక తెప్పించుకుని ఉంటుంది. నిజంగా ఉందా?

ఇంకో మాట. ఆకులెత్తే కుర్రాళ్ళు ఇంకా రాలేదు అని రాశారు. ఇప్పుడు ఆకులు ఒక్కొక్కటి ఎత్తం. ఈ చివర పట్టుకుని పేపర్ రోల్‌తో సహా చాపలా చుట్టుకుంటూ పోతాం, బాటిళ్ళు మాత్రం ముందు ఏరుకుంటాం. మీరు చూసిన పది మంది, జీడిపప్పు, తొడిమలు, అన్నీ ఒకే చుట్టలోకి పోతాయి. మా నాన్న రోజుల్లో ఒక్కో ఆకూ ఎత్తేవాళ్ళు, ఎత్తేది ఒక కులంవాళ్ళు, వాళ్ళకి బంతిలో ఆకు వేసేవాళ్ళు కాదు. ఇంటి వెనక పెట్టేవాళ్ళు, మిగిలితే. ఎంగిలి, లక్ష్మి అని మీ అత్తగారన్నది చదివి ఇది రాయాలనిపించింది, పెద్దావిడని ఏమీ అనట్లేదు.

మా బంతి ఎవరూ చూడరు. మూడు దాటాక, జనరేటర్ పక్కన, గిన్నెల దగ్గర. ఆకులు ఉండవు. పెద్ద స్టీలు బేసిన్‌లో అన్నం పోసుకుని, ఉన్న కూర వేసుకుని, నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటాం. మీ వరసలో ఆ బేసిన్ లేదు. మీకు తోస్తే వేయండి, లేకపోతే లేదు.

ఎండకి మావిడికాయ:

ఇది చదివాక నా ములక్కాడ జోకు వెనక్కి తీసుకోబుద్ధవుతోంది.

నాలుగోలైను:

వడ్డనబకెట్టు గారూ, జగ్గు ఉంది. మా పెద్దత్తయ్య మోకాళ్ళ నొప్పులతో తెప్పించుకుంది, కింద ఒక ప్లేటు పట్టుకుని కూర్చున్నచోటే కడుక్కుంది. నాలుగో ఆకు ఫొటోలోనే అలా ఉంది. నేను చూసింది చూసినట్టు వేశాను కానీ అది ఎందుకు అలా ఉందో తెలియదు.

హోటలాయనకి ఫోన్ చేసి చెప్పాను, ఇది అమ్మను, వడ్డించిన ఆకు విడిగా వేసిస్తాను, రేటు అదే అని. ఆలోచించి చెప్తానన్నాడు. ఆ మాటకి అర్థం అందరికీ తెలిసిందే. అయినా ఆ బొమ్మకి కూడా ఆకు కొనాలి, కొల్లిపర వైపు నుంచి వచ్చే లేత ఆకు అయితే గంటలో వాడిపోతోంది. తడిగుడ్డ కప్పి, ముందు ఆకు, తర్వాత అన్నం, చివర పచ్చడి అనే వరసలో వేసుకోవాలి. వేడన్నానికి పొగ వేయను. పొగ వేస్తే క్యాలెండరే.

బేసిన్ మాట. ఈ ఆరడుగుల్లోకి దాన్ని తేలేను, అది వేరే చోటు, వేరే వెలుతురు, మూడు గంటలప్పుడు సెల్లార్‌లోకి ర్యాంప్ మీంచి ఎండ పడుతుంది. ఇంత పొడుగు వరసకి పక్కన అదే ఎత్తులో, రెండడుగుల చదరంగా ఇంకో కాన్వాస్ వేసి, రెండూ కలిపి వేలాడదీయాలని ఉంది. విడివిడిగా అమ్మను. ఫొటోలు చూసి ఊహించి వేయడం నాకు ఇష్టం లేదు. ఒకటి చెప్పండి, బేసిన్‌లో కూరలన్నీ కలిపేస్తారా, ఎవరి వైపు వాళ్ళు విడిగా వేసుకుంటారా? రంగులు దాన్ని బట్టి ఉంటాయి.

వడ్డనబకెట్టు:

వేపుళ్ళు కలిపేస్తాం. పప్పు మధ్యలో గుంట చేసి పోస్తాం, అందరూ అందులోంచి లాక్కుంటారు. గోంగూర ఎవరి వైపు వాళ్ళకే. పెరుగు వేరే గిన్నెలో, అది చివర. ఆదివారం నల్లపాడు రోడ్డులో ఫంక్షన్ ఉంది, నెంబరు మెసేజ్ పెడతాను. పన్నెండింటికి రాకండి, మాట్లాడటానికి కూడా ఖాళీ ఉండదు. మూడున్నరకి రండి. కుర్రాళ్ళని అడిగి ఫొటో తీయండి, ఒకడికి మొహం పడటం ఇష్టం ఉండదు. మీరూ తినకుండా రండి.